నలభై ఒకటో నంబరు ఊపిరి

పారాయణం మధ్యలో సన్యాసిరావు ఆగిపోయాడు. ముప్ఫయ్యేళ్ల అలవాటులో అలా ఆగడం అదే మొదటిసారి. ఫోను మోగినా, పాలు పొంగి భార్య నూకరత్నం వంటింట్లోంచి కేకలు పెట్టినా ఆగని మనిషి, ఆ శనివారం ఉదయం పక్క గదిలోంచి వస్తున్న ఊపిరి చప్పుడు విని ఆగిపోయాడు.

పక్క గదిలో ఉన్నది కూతురు సింధూజ. కళ్ళకు అద్దాల పెట్టె తగిలించుకుని, ఛాతీకి పట్టీ కట్టుకుని, గది మధ్యలో నిలబడి ఆట ఆడుతోంది. అందులో వింతేమీ లేదు. డిగ్రీ పూర్తయినప్పటి నుంచీ సెలవు రోజుల్లో ఆ పిల్లకి అదే వ్యాపకం. వింతంతా ఆమె ఊపిరిలో ఉంది. నెమ్మదిగా పొడుగ్గా లోపలికి వెళ్ళి, అంతకంటే పొడుగ్గా బయటికి వస్తోంది. పదకొండు ఊపిరులు అలా సాగాక, పన్నెండోదాని నడుమ చిన్న తడబాటు. చీకట్లో గడప తట్టుకున్న కాలు సర్దుకున్నట్టుగా. మళ్ళీ మామూలే.

ఆ గడప సన్యాసిరావుది. పన్నెండేళ్ల కిందట తను పనిచేసే మునిసిపాలిటీ నీళ్ల పంపు హౌసులో మెట్ల మీంచి జారి పడితే ఎడమ పక్కటెముక విరిగి, వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచీ పన్నెండో ఊపిరికోసారి ఆ తడబాటు ఉంటుంది. "దేవుడు నా రొమ్ములో ఒక గడప కట్టేడు. దాటినప్పుడల్లా తల వంచుకోమని" అని నవ్వేవాడు.

తన రొమ్ములోని గడప కూతురి రొమ్ములోకి ఎలా వచ్చింది?

గుమ్మం దగ్గర నిలబడి మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ పన్నెండు దగ్గరే.

"సింధూ, ఏటమ్మా ఆ ఆట?"

ఆమె అద్దాలు నుదుటి మీదికి ఎత్తింది. "ఏడో కాపలా దళం నాన్నా. యుద్ధం నాటి రైలుదారి ఆట. నీకెందుకులే."

"ఓసారి నాకు పెట్టు."

"నీకా?" పకపకా నవ్వింది. "నువ్వు లిఫ్టు ఎక్కితేనే గోడ పట్టుకుంటావు. పడ్డావంటే అమ్మ నన్ను ఉతికి ఆరేస్తాది."

"పెట్టమంటున్నానా."

ఆ గొంతు విని ఆమె నవ్వు ఆపి, పట్టీ విప్పి అతని ఛాతీకి కట్టింది.

రెండేళ్ల కిందటి మాట. రుషికొండ మీద ఒక పరిశోధనశాలలో శమంతకమణి అనే డాక్టరు శ్వాసపట్టీ అనే పరికరం కనిపెట్టింది. కోపం వస్తే ఊపిరి ఎగసిపడుతుందని అందరికీ తెలుసు. ఊపిరి నెమ్మదిస్తే కోపమే దిగిపోతుందని జపం చేసుకునేవాళ్ళకీ తెలుసు. ఆ రెండో సంగతిని ఆమె ఒక పట్టీలోకి ఎక్కించింది. ఒక మనిషి ఊపిరిని అందులో భద్రపరిస్తే, కట్టుకున్న మరో మనిషి పక్కటెముకల మీద ఆ పట్టీ మెత్తగా నొక్కుతూ, వదులుతూ మూడు నిమిషాల్లో ఆ ఊపిరినే పీల్పిస్తుంది. ఇంకో రెండు నిమిషాలకు మనసు కూడా ఆ దారినే పోతుంది. ఉబ్బసం రోగుల కోసం నిలకడైన ఊపిరి కావాలని కొండ దిగువ గుడి దగ్గర కాగితం అంటిస్తే, సన్యాసిరావు వెళ్ళి మూడు ఉదయాలు గాజు గదిలో పీట మీద కూర్చుని పారాయణం చేసి వచ్చాడు. ఊపిరికి వెలేమిటని ఏమీ పుచ్చుకోలేదు. దానం చేసింది ఎక్కడికి పోయిందని అడగకూడదంటారు. అతనూ అడగలేదు. వాళ్ళిచ్చిన కాగితాల మీద సంతకం చేశాడు, చదవలేదు. అతని పేరు ఎక్కడా ఉండదని, అతని ఊపిరికి నలభై ఒకటో నంబరు వేశామని మాత్రం చెప్పారు.

అద్దాలు దిగగానే వాన. అడవి కొండవాలు, ఎర్ర బురద, చెక్క దిమ్మెలు. నడుముకు గుడ్డ, తలకు పాగా తప్ప ఏమీ లేని మనుషులు మట్టి తట్టలు మోసుకుంటూ బారుగా పోతున్నారు. అతని కాళ్ళకు బూట్లున్నాయి. చేతిలో వెదురు బెత్తం ఉంది.

మూడు నిమిషాలు గడిచాయి. పెళ్ళివారికి అరువిచ్చిన ఇత్తడి బిందె తిరిగి ఇంటికొచ్చినట్టు అతని ఊపిరి అతని దగ్గరికి వచ్చింది. ఒంట్లో ఎంత హాయి! గాలి లేని చోట దీపంలా మనసు నిలిచిపోయింది. ఎదురుగా ఒక కూలీ కాలు జారి పడ్డాడు. తట్ట దొర్లి మట్టి చెల్లాచెదురైంది. సన్యాసిరావు చెయ్యి పైకి లేచింది. తను లేపాడో ఆట లేపించిందో తెలియదు. గుండె దడదడలాడుతుందని, అప్పుడు చెయ్యి దించేయవచ్చని ఎదురు చూశాడు. గుండె దడదడలాడలేదు. దీపం దీపంలాగే ఉంది. ఆ వెలుగులోనే బెత్తం కిందికి దిగింది.

కూలీ కదల్లేదు. సన్యాసిరావు అప్పుడు చూశాడు: దెబ్బ తిన్నాకే కాదు, తినకముందు కూడా ఆ మనిషి రొమ్ము ఎగసిపడటం లేదు.

అద్దాలు లాగి పడేసి నేల మీద కూలబడ్డాడు.

"చెప్పేనా? ఉండు, మంచినీళ్ళు తెస్తాను" అంది సింధూజ.

"నీళ్ళు కాదు. ఇలా కూచో." అతను ఛాతీకున్న పట్టీ విప్పాడు. "ఆ పట్టీలో ఊపిరి నాది."

సింధూజ కూడా వచ్చి గోడకి చేరగిలబడింది.

"అందుకేనా?" అంది మెల్లగా. "అది కట్టుకుంటే చిన్నప్పుడు పూజలో నీ ఒళ్ళో కూచున్నట్టుంటాది నాన్నా. మా క్లబ్బులో అందరూ అదే మాట. ఏడో దళంలో ఉన్నంత హాయి ఇంకే ఆటలోనూ లేదంటారు."

"అది ఏ రైలుదారో నీకు తెలుసా?"

"సయాం నుంచి బర్మాకి జపాను సైన్యం వేయించినది."

"మా తాత ముత్యాలు అక్కడే పోయేడు."

ముత్యాలు మలయా రబ్బరు తోటల్లో పాలు గీసేవాడు. యుద్ధం వచ్చాక పనుందని లారీ ఎక్కించుకుపోయారు. ఆయన భార్య చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని రెండేళ్ళు చూసి చూసి, యుద్ధం అయిపోయాక ఓడెక్కి ఒంటరిగా వచ్చేసింది. ఆ పిల్లాడే సన్యాసిరావు తండ్రి. ముత్యాలు ఏ రోజు పోయాడో చెప్పేవాళ్ళు లేరు. తిథి తెలియని వాళ్ళకి మహాలయ అమావాస్య నాడు తర్పణం వదులుతారు గనక ఆ ఇంట్లో ఏటేటా ఆ రోజే నువ్వులూ నీళ్ళూ వదులుతున్నారు. ఏడో దళం అన్నది ఆట తయారుచేసినవాళ్ళు పెట్టుకున్న పేరు. రైలుదారి మాత్రం వాళ్ళు పుట్టించినది కాదు.

"ముత్తాత సంగతి నాకు తెలుసు నాన్నా" అంది సింధూజ. "అందుకే చేరేను."

"తెలిసే చేరేవా!"

"ఆయన్ని కొట్టినోడు ఎలాంటోడో చూద్దామని. పుస్తకాల్లో ఎంత చదివినా వాడి మొహం కనబడలేదు."

"మరి కనబడ్డాడా?"

"ఆ. మామూలోడు నాన్నా." తల దించుకుంది. "మొదటిరోజు భయమేసింది. రెండోరోజు పట్టీ విప్పబుద్ధి కాలేదు. మూడో నెలకి నన్నే దళపతిని చేసేరు."

నూకరత్నం గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. తండ్రీకూతుళ్ళు నేల మీద కూర్చుని ఉండటం చూసి, "ఏటయింది? ఎవరు పోయేరు?" అంది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

*

సోమవారం డ్యూటీ దిగి అటే రుషికొండ వెళ్ళాడు. శమంతకమణి అతన్ని గుర్తుపట్టి లేచి నిలబడింది. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు.

"రండి, నలభై ఒకటి గారూ! ఎన్నాళ్ళకు!"

"అమ్మా, నా ఊపిరి ఎక్కడెక్కడుంది?"

"ఛాతీ ఆసుపత్రిలో అరవై రెండు మంచాల దగ్గర ఉంది. గాలాడక కూర్చునే తెల్లవార్చేవాళ్ళు మీ ఊపిరితో పడుకుని నిద్రపోతున్నారు."

"ఇంకా?"

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సిన దానికంటే ఎక్కువసేపు తుడిచింది. "తెలిసే వచ్చినట్టున్నారు."

"దేవుడి పేరు చెప్పుకుంటూ ఇచ్చేనమ్మా అది."

"ఆసుపత్రుల కోసమే మొదలుపెట్టాను. ఆటల కంపెనీ వచ్చి చేరితే గానీ పట్టీలు తయారయ్యే దారి కనబడలేదు. కాపలావాళ్ళకు మొదట కోపం ఊపిరే పెట్టారు. ఒక నటుణ్ణి తెచ్చి గంటసేపు అరిపించారు. ఆడేవాళ్ళకి పది నిమిషాలకే దడ, తలనొప్పి. పట్టీలు విప్పి పారేసేవారు. అప్పుడు ఆ కంపెనీ డైరెక్టరు మా దగ్గరున్న ఊపిరులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాడు. నలభై ఒకటి పెట్టాక ఎవరూ విప్పలేదు."

సన్యాసిరావు బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి" అంది ఆమె. "ఆ అరుపుల ఊపిరే ఉంచితే మీకు బాగుండేదా? కొట్టినవాడు రాక్షసుడు, మనం కాదు అనుకుని అందరూ చేతులు కడుక్కుని లేచిపోయేవారు. అసలు బెత్తం పట్టినవాడు పొద్దున్నే స్నానం చేసి, వాళ్ళ దేవుడికి దండం పెట్టుకుని, నిమ్మళంగా పనిలోకి వచ్చేవాడేమో. అదే నిజమైతే?"

ఈ ప్రశ్న అతను ఊహించలేదు. పూజ చేసిన చేత్తో మనిషి చెడ్డపని చేయగలడా అని ఎవరైనా అడిగితే మొన్నటి దాకా చెయ్యలేడనే చెప్పేవాడు. మొన్న శనివారం తన చెయ్యే ఎత్తి దించాడు. మరి ఇన్నేళ్ల పారాయణం తనను మంచివాణ్ణి చేసిందా, నెమ్మదస్తుణ్ణి మాత్రమే చేసిందా? దేవుణ్ణే అడగాలి. కానీ ఆ మూడు రోజులుగా దేవుడి ముందు కూర్చుంటే పన్నెండో ఊపిరి దగ్గర వెదురు బెత్తం కనబడుతోంది.

"నిజమే కావచ్చమ్మా" అన్నాడు చివరికి. "మరి తట్ట మోసినోళ్ళకి ఎవరి ఊపిరి పెట్టేరు?"

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుంది. "వాళ్ళని ఎవరూ ఎంచుకుని ఆడరు. చెట్లు, వాన, రాళ్ళు ఉన్నాయి చూడండి, ఆ పట్టికలో ఉంటారు."

"అంటే ఊపిరి లేదు."

"లేదు."

"అయితే నాదే పెట్టండి. వేరేది వద్దు, ఏడుపు ఊపిరి వద్దు. బెత్తం పట్టినోడికి ఏది పెట్టేరో తట్ట మోసినోడికీ అదే. దగ్గరికొస్తే ఎదటోడు పీలుస్తున్నాడని ఈ పట్టీకి తెలియాలి. కొడితే అది తెగినట్టు తెలియాలి. అంతే నేనడిగేది."

"రెండు రోజుల పని. చెయ్యగలను." ఆమె నవ్వింది గానీ అది నవ్వులా లేదు. "ఆరు నెలల కిందటే ఆ డైరెక్టరుని అడిగాను. 'మేడం, అప్పుడిక ఆట ఎవడు ఆడతాడు?' అన్నాడు."

"పోనీ ఆటలోంచి తీయించేయండి. ఆసుపత్రిలో ఉంచండి."

"ఒప్పందంలో అలా కుదరదు. తీస్తే అన్నిటిలోంచీ తియ్యాలి. ఒక ఊపిరికి ఒకే సంతకం."

"అలాంటి కాగితం మీద సంతకం ఎవరు పెట్టేరమ్మా?"

"మీరు. నేను కూడా" అంది శమంతకమణి. "ఇద్దరం చదవలేదు."

*

ఆదివారం మధ్యాహ్నం మధురవాడలో ఒక ఫంక్షన్ హాలు. నలభై మంది దాకా కుర్రకారు, భుజాలకు దళం గుర్తుగా బూడిదరంగు పట్టీలు, మధ్యలో సమోసాల పళ్ళెం. ఏడో దళాన్ని పోటీల్లో ఆడనివ్వాలా వద్దా అని పత్రికల్లో, ఫోన్లలో రెండు నెలలుగా రభస జరుగుతోంది. దాన్ని తేల్చడానికి ఆటల సమాఖ్య తరఫున హైదరాబాదు నుంచి శ్రీకర్ అనే యువకుడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఆ సభలోనే నాన్న చేత మాట్లాడిస్తానని సింధూజ మాటిచ్చింది. ఒక్కసారి వాళ్ళు ముత్యాలు సంగతి వింటే చాలని ఆమె నమ్మకం. సన్యాసిరావు నమ్మకమూ అదే. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు.

"ఈయన మా నాన్న" అంది సింధూజ. "నలభై ఒకటో నంబరు ఈయనదే."

తర్వాత జరిగింది అతను కలలో కూడా అనుకోనిది. ఒక కుర్రాడు వచ్చి వంగి కాళ్ళకు దండం పెట్టాడు. వాడి వెనక ఇంకొకడు. చూస్తూండగానే వరస కట్టారు.

"గురువుగారూ, మీ ఊపిరితోనే నా పరీక్షలు గట్టెక్కేయండి!"

"అంకుల్, మా నానమ్మ పోయినప్పుడు వారం రోజులు దళంలోనే ఉన్నాను. మీరు లేకపోతే పిచ్చెక్కిపోయేది."

"వద్దు బాబూ, వద్దు, లెగండి" అంటూ కాళ్ళు వెనక్కి తీసుకుంటూ గోడ దాకా వెళ్ళిపోయాడు. వాళ్ళు చెడ్డపిల్లలు కాకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. తిట్టడానికి కూడా వీల్లేని పిల్లలు.

మైకు చేతికిచ్చారు. ముత్యాలు సంగతి చెప్పాడు. రబ్బరు తోట, లారీ, ఓడ మీద ఒంటరిగా వచ్చిన నానమ్మ, తెలియని తిథి. పూర్తికాగానే చప్పట్లు మార్మోగాయి. వెనక వరసలోంచి ఒకడు లేచి నిలబడి మరీ కొట్టాడు.

"అంకుల్, ఈ కథ ఆట మొదట్లో పెడితే అదిరిపోతాది!"

"ఒరే డేనియలూ, కూచోరా" అని పక్కవాళ్ళు లాగారు.

శ్రీకర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, మీ బాధ మాకు పూర్తిగా అర్థమైంది. అందుకే సమాఖ్య ఒక మధ్యేమార్గం ఆలోచించింది. ఏడో దళం అనే పేరు తీసేస్తాం. భుజం పట్టీలు, జెండా, ఏ దేశమన్న సంగతి, అన్నీ తీసేస్తాం. 'అడవి కాపలా' అని పెడతాం. బెత్తం బదులు ఈల ఉంటుంది. ఇక ఎవరి మనోభావాలూ దెబ్బతినవు."

"బాబూ, దెబ్బలు తిన్నది మా తాత. మనోభావాలు కాదు."

"అదే సార్, ఆ దెబ్బలే కనబడకుండా చేస్తున్నాం."

"కనబడకుండా చేసెయ్యమని నేనెప్పుడు అడిగేను?" సన్యాసిరావు గొంతు మొదటిసారి లేచింది. "పేరు తీసేస్తే మా తాతని కొట్టినోడు ఎవడవుతాడు? ఎవడూ కాడు. అప్పుడు మా తాత తనంతట తనే పోయినట్టేనా? ఉన్నది ఉన్నట్టు చూపించండి. కొట్టినోణ్ణి చూపించండి. తిన్నోడికి కూడా కాస్త ఊపిరి పెట్టి చూపించమంటున్నాను."

"సార్, మీరు నిషేధించాలంటున్నారా, ఉంచాలంటున్నారా? నా ఫారంలో రెండే గడులున్నాయి."

ఆ మాటకి సన్యాసిరావు మైకు బల్ల మీద పెట్టేశాడు. ఇక మాట్లాడి ప్రయోజనం కనబడలేదు.

సింధూజ లేచింది. కూలీలకూ ఊపిరి పెట్టాలని ఆటల కంపెనీకి క్లబ్బు తరఫున రాద్దామని తీర్మానం పెట్టింది. "మీలో ఎవరైనా ఒక్కరోజు తట్ట మోసేరా?" అని అడిగింది.

"అక్కా, పగలంతా కాల్ సెంటర్లో మోసేదే మోత. ఇక్కడికొచ్చేది హాయి కోసం" అన్నాడొకడు. అందరూ నవ్వారు. సింధూజకి కూడా నవ్వొచ్చింది, దాంతో ఒళ్ళు మండింది.

తీర్మానానికి చేతులెత్తినవాళ్ళు ఐదుగురు, దళపతితో కలిపి. ఆశ్చర్యంగా అందులో డేనియల్ ఒకడు.

*

మర్నాడు సన్యాసిరావు రుషికొండ వెళ్ళి, ఈసారి కాగితమంతా చదివి, ఊపిరి వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. శమంతకమణి ఆపలేదు. "అరవై రెండు మంచాలు" అని మాత్రం ఒకసారి అంది.

ఆ మాట కాలిలో ముల్లులా ఉండిపోయింది. మూడో రోజుకి ఛాతీ ఆసుపత్రికి వెళ్ళాడు. వార్డులో తలగడలు ఎత్తుగా పేర్చుకుని కూర్చున్న ముసలావిడ దగ్గర నర్సు ఆగింది. మసేనమ్మ అని, పెదజాలరిపేట ఆవిడ. చేపలు ఎండబెట్టే ఇసకలో ముప్ఫయ్యేళ్ళు దుమ్ము మింగింది.

"అమ్మా, ఆ పట్టీలో ఊపిరి ఈయనదే. ఈయనే తీసేసుకున్నారు."

మసేనమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? మరీ ఇంత బక్కోడివా? ఏనుగంత మనిషనుకున్నాను." దగ్గు వచ్చి ఆగింది. "ఎందుకు తీసేసేవు నాయనా?"

చెప్పాడు. తాత, అడవి, బెత్తం. ఆవిడ చివరిదాకా వింది.

"నీ కోపం ఆళ్ళ మీద. నా నిద్దర తీసుకెళ్ళిపోయేవేటి?"

"తప్పయింది తల్లీ. వేరే దారి లేకపోయింది."

"కొత్తది పెట్టేరు. ఎవర్తో బిడ్డకి జోలపాట పాడే తల్లిది. మంచిదే గానీ నాకు నప్పలేదు. నీదైతే మధ్యలో తూలేది. మా సముద్రపు పడవలాగ." మళ్ళీ దగ్గింది. "ఎల్లు, ఎల్లు. నిన్ను తిట్టినా నాకు ఆయాసమే."

అక్కడే స్టూలు మీద కూర్చుని, పట్టీ లేకుండానే, ఆవిడ వినేటట్టు మెల్లగా పారాయణం చేశాడు. గంటకి ఆవిడ తల పక్కకి వాలింది. ఆ గంటలో పక్క మంచాలవాళ్ళు ఇద్దరు మాకూ మాకూ అన్నట్టు చూశారు. ఒక్క గొంతు ఎన్ని మంచాల దగ్గర కూర్చుంటుంది? మంగళవారం, శుక్రవారం వస్తానని నర్సుతో చెప్పి బయటపడ్డాడు. బస్టాపులో నిలబడితే తనమీద తనకే ఏవగింపు కలిగింది. కొట్టేవాడి చేతిలోంచి ఏదో లాక్కుందామని వెళ్ళి, రోగుల తలగడ లాక్కున్నాడు.

పోనీ కొట్టేవాడి చెయ్యైనా ఆగిందా అంటే, అదీ లేదు. తొమ్మిది రోజుల్లో ఆటకి కూడా ఆ జోలపాడే తల్లి ఊపిరే పెట్టారు. పేరు 'అడవి కాపలా' అయింది. బెత్తాలు పోయి ఈలలు వచ్చాయి. ఈల వేస్తే కూలీ పడిపోతాడు, ఎందుకు పడ్డాడో ఎవరికీ తెలియదు. వారం తిరిగేసరికి కొందరు దొంగచాటుగా బెత్తాలు, బూడిదరంగు భుజం పట్టీలు తిరిగి ఆటలోకి చేర్చుకున్నారు. క్లబ్బులో సింధూజ బదులు కొత్త దళపతి వచ్చాడు. కొత్త ఊపిరి పాతదాని కంటే మెత్తగా ఉందని చాలామంది రాశారు. నలభై ఒకటిని ఎవరూ తలుచుకోలేదు.

"తీసుకోకపోయినా అంతే, తీసుకున్నా అంతే" అన్నాడు సన్యాసిరావు, పీట మీదనుంచి లేస్తూ. పూజ ఆరోజు కూడా సగంలోనే ఆగింది.

"అంతేటి?" అంది నూకరత్నం. "నీ ఊపిరి నీ దగ్గరుంది. దానికి నువ్వు జవాబుదారీ. ఊళ్ళోవాళ్ళ ఊపిరికి కాదు."

"అలా అని దేవుడు ఊరుకుంటాడంటావా?"

"నాకు తెల్దు. నువ్వే రోజూ మాట్లాడతావు కదా ఆయనతో, అడుగు."

*

ఆ ఆదివారం సింధూజ గదిలోంచి ఊపిరి వినబడింది. ఈసారి నెమ్మదైన ఊపిరి కాదు. బరువు మోస్తున్న మనిషిలా హెచ్చుతగ్గులుగా, అక్కడక్కడ ఆగుతూ. సన్యాసిరావు లోపలికి వచ్చి చూశాడు. కళ్ళకు అద్దాలున్నాయి. ఛాతీకి పట్టీ లేదు. చేతులు తల మీదికెత్తి ఏదో పట్టుకున్నట్టు ఉన్నాయి. గోడ మీది తెరలో వాన కురుస్తోంది. తట్టలు మోసే బారులో ఐదుగురి నెత్తిన పేర్లు మెరుస్తున్నాయి. సింధూజ. డేనియల్. ఇంకో ముగ్గురు.

"ఏటమ్మా ఇది? వాళ్ళని ఎవరూ ఆడటానికి వీల్లేదన్నారు కదా."

"ఒక్క ఐదు నిమిషాలు వీలుంది నాన్నా." ఆమె ఆగకుండానే చెప్పింది. "కొత్తగా చేరినోళ్ళు నడక అలవాటు చేసుకోవడానికి మొదట కూలీ ఒంట్లోనే నడుస్తారు. అలవాటయ్యాక 'పాఠం పూర్తి' అని ఆకుపచ్చ బటన్ వస్తాది. అది నొక్కి దళంలోకి పోతారు. నొక్కకపోతే ఏమవుతాదో ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ఏమీ అవదు. ఇక్కడే ఉండిపోతాం."

"ఉండి?"

"మట్టి మోస్తాం. రోజూ గంట."

"ముత్తాత పేరు పెట్టుకోలేదేం?"

"ఆయన పేరు వాళ్ళకి తెలీదు. నా పేరు తెలుసు."

తెర మీద బూట్లు ఆగాయి. కొత్త కుర్రాడి గొంతు మైకులోంచి వచ్చింది. "అక్కా, నువ్వా? ఏటిది, పక్కకి తప్పుకో. నీ వెనక బారంతా ఆగిపోతోంది, మాకు మార్కులు పడిపోతున్నాయి."

"నేను ఆగలేదురా. బరువుగా ఉంది, మెల్లగా నడుస్తున్నాను."

"కొట్టాల్సొస్తాది అక్కా."

"నీ చెయ్యి, నీ ఇష్టం."

బెత్తం లేచి దిగింది. ఒంటికి ఏమీ తగల్లేదని తెలిసినా సింధూజ భుజం ముడుచుకుంది, ఊపిరి ఒక్కసారి తెగి మళ్ళీ అందుకుంది. అవతల ఆ కుర్రాడు "సారీ అక్కా" అని గొణిగి, పట్టీ విప్పేశాడో ఏమో, తెర మీద లేకుండా పోయాడు. ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు.

సన్యాసిరావు గుమ్మంలో ఉండలేకపోయాడు. "ఇంకో అద్దాల పెట్టె ఉందా?"

"పాతది ఉంది. నువ్వెందుకు నాన్నా, ఈ వయసులో."

"నడవడానికి ఏది నొక్కాలో చెప్పు."

చెప్పింది. మొదట రెండు అడుగులకే బురదలో పడ్డాడు. లేవడానికి ఏది నొక్కాలో మళ్ళీ అడిగాడు. పేరు అడిగితే ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని సన్యాసిరావు అని కొట్టాడు. నంబరు వెయ్యలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని కూతురి వెనక బారులో చేరాడు. కంటి కొసన ఆకుపచ్చ బటన్ మెరుస్తూ వచ్చింది. దాన్ని అలాగే వదిలేశాడు.

పది గజాలు నడిచాక ఎదురుగా బూట్లు. వెదురు బెత్తం సగానికి లేచి ఉంది. ఆ బెత్తం వెనక ఊపిరి అతని చెవికి వినబడుతోంది. ఎవరో తల్లి బిడ్డను జోకొడుతున్న ఊపిరి, మెత్తగా, నిదానంగా.

"అంకుల్?" అంది అవతలి గొంతు. ఆ మధ్యాహ్నం హాల్లో తన కాళ్ళకు దండం పెట్టిన కుర్రాళ్ళ గొంతుల్లో అదొకటి.

"ఆ, నేనే" అన్నాడు సన్యాసిరావు. "నీ పేరేటి బాబూ? ఆరోజు అడగలేదు."

బెత్తం దిగలేదు, పక్కకీ తప్పుకోలేదు. వాన పడుతూనే ఉంది. సన్యాసిరావు తట్ట దించకుండా నిలబడి, మళ్ళీ అడిగాడు.